కొంచెం జరగండి

సాయంత్రం ఐదింటికి నా బల్ల మీద ఒక్క మాట మిగిలింది:
స్కూచ్.
పిల్లల నిఘంటువు. ఎస్ అక్షరం ఇంకా సగం ఉంది.
క్రియ, వాడుకమాట, అని రాసి ఆగాను.

నడవడం కాదు. పాకడం కాదు.
లేవకుండానే పోవడం,
పిరుదులతో, బల్ల మీద, బెత్తెడు దూరం.
పిరుదులు వద్దన్నారు వెంకటాద్రిగారు,
పిల్లల పుస్తకమమ్మా, అని.
మరి దేనితో జరుగుతారండీ మనుషులు?
అడగలేదు. కళ్లజోడు తుడుచుకున్నాను.

మాంబళంలో తాంబరం బండి. ఆడవాళ్ల పెట్టె.
ముగ్గురి బల్ల మీద నలుగురం.
గిండీలో ఐదో మనిషి ఎక్కింది,
తువ్వాల్లో చుట్టిన కుట్టుమిషను తలని
చంటిపిల్లలా భుజానేసుకుని.
"కొంజం తళ్ళి ఉక్కారుమ్మా."

పద్దెనిమిదేళ్లయింది ఈ ఊరొచ్చి,
నా చెవి ఇంకా నెల్లూరు చెవే.
తళ్ళి అంటే తల్లీ అనే వినబడుతుంది.
జరగమన్నారని తెలిసేలోపే
తల్లీ అన్నారు కదా అని జరిగిపోతాను.

నేను జరిగాను.
నా పక్కన నర్సు నిద్రలోనే జరిగింది.
ఆ పక్క కాలేజీ పిల్ల, ఫోన్లో ఎవరినో తిడుతూనే.
కిటికీ దగ్గర పెద్దావిడకి జరిగే చోటేదీ?
ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కుంది.
అదీ ఈ క్రియే. రాసుకోవాలి.
బెత్తెడూ బెత్తెడూ కలిసి
ఒక మనిషి కూర్చుంది.
మిషను తల సగం ఆమె ఒళ్లో, సగం నా ఒళ్లో.
కుచ్చిళ్లకి నూనె మరక.

మన జరగడానికి వేరే పనులు చాలా ఉన్నాయి.
పెళ్లిళ్లు జరగాలి, విచారణ జరగాలి,
పూట జరగడం కష్టమంటుంది మా మరదలు.
పాపం ఆ ఇంగ్లీషు మాట,
లాగూ తొడుక్కున్న పిల్లమాట,
దానికి ఒక సోఫా చాలు.

పల్లావరంలో మిషనావిడ దిగిపోయింది.
బల్ల మీద ఆమె చోటు అలాగే ఉంది.
క్రోంపేట దాకా ఎవరం వెనక్కి జరగలేదు.

మర్నాడు రాశాను:
ఇంకొకరికి చోటిచ్చేందుకు
కూర్చునే కొంచెం పక్కకు జరుగు.
వెంకటాద్రిగారు మొదటి రెండు మాటలూ కొట్టేశారు,
ఒంటరిగా ఉన్నా జరగొచ్చు కదమ్మా, అని.
నిజమే. జరగొచ్చు.
ఉదాహరణ వాక్యం మాత్రం నాకు వదిలారు:

"మిషను బరువుగా ఉంది,
కొంచెం జరగండి."