ఒక రోజు తేడా

చిలకలూరిపేట రోడ్డు పక్కన
మా కోల్డ్ స్టోరేజీలో
లక్షా పదివేల మిర్చి టిక్కీలు నిద్రపోతుంటాయి.
ధర వచ్చేదాకా లేవవు.

ఇరవై తొమ్మిదేళ్ళుగా వాటి లెక్క రాసేది నేనే.
పాత ఆవర్జా చివర మిగిలిన పేజీల్లో
ఇప్పుడు ఓడ లెక్క రాస్తున్నాను.
నూట పద్దెనిమిది రాత్రులు, ముప్ఫై ఏడు రేవులు,
భూమి చుట్టూ ఒక్క ప్రదక్షిణం.

బాల్కనీ ఉన్న గదికి
మా ఇల్లు అమ్మితే బాల్కనీ వరకూ వస్తుంది.
అడుగు అంతస్తులో, నట్టనడుమ, కిటికీ లేని గది
అందులో మూడో వంతు.
"ఊపిరాడదేమో అమ్మా" అన్నాడు హమాలీ మేస్త్రి వెంకటప్పయ్య.
నవ్వొచ్చింది.
ఐదో నంబరు చాంబరు పక్కన నా బల్ల.
బయట రోహిణి ఎండకి రోళ్ళు పగులుతుంటే
శాలువా కప్పుకుని, ఘాటుకి తుమ్ముతూ
కూడికలు చేసినదాన్ని.
కిటికీ లేకపోవడం
అనుభవం కింద జమ.

ఒంటరి మనిషికి రెట్టింపు రేటట.
రెండో మంచం ఖాళీగా ఉన్నందుకు
ఆ ఖాళీకి అద్దె.
ఈ పద్దు నాకు కొత్త కాదులే.
అయినా దయామణి టీచర్ని అడిగాను.
కొరిటెపాడు మునిసిపల్ స్కూల్లో ముప్ఫై మూడేళ్ళు
బెత్తం చివరతో మహాసముద్రాలు చూపించిన మనిషి.
తను చూసింది సూర్యలంక ఒక్కటే,
అదీ కుచ్చిళ్ళు తడిసేంత మేర.
"నేను గురక పెడతానే" అంది.
"కంప్రెసర్ల పక్కన బతికాను" అన్నాను.

టికెట్ అప్పుడే కొనం.
మా రైతులు సరుకు పెట్టుకుని ధర లేచేందుకు కాచుకుంటారు,
మేం డబ్బు పెట్టుకుని పడేందుకు కాచుకుంటాం.
ఓడ కదిలే ముందు మిగిలిపోయిన గదులు
తాలుకాయ రేటుకి వస్తాయట.
వీసాలు మాత్రం అలా ఆగవు.
పదకొండు ఫారాలు.
వృత్తి అన్నచోట టీచరు "విశ్రాంత" అని రాసింది.
నా గడి ఇంకా ఖాళీ.

రేవులో దిగితే వాళ్ళ టూరు బస్సెక్కం.
సిటీ బస్సు, లేదంటే కాళ్ళు.
తిండి టికెట్లోనే, కాబట్టి పొద్దున్నే పొట్ట నిండా.
బట్టలు మనమే ఉతుక్కుని హేంగరుకి ఆరేసుకోవడం.
కారప్పొడి మందుల డబ్బాలో.
"నేరమేమోనే?"
"మనకి మందే కదా."

రెండు చీటీలు, పీఎఫ్,
అమ్మ నాలుగు పేటల గొలుసు,
టీచరు పెన్షన్ బకాయి.
కూడితే ఇంకా లక్షా నలభై వేలు తక్కువ.
మూడుసార్లు కూడాను.
తక్కువే.

అసలు చిక్కు అది కాదు.
పసిఫిక్ మధ్యలో ఒక గీత ఉందట,
పడమటికి దాటితే ఒక రోజు మాయం.
మంగళవారం పడుకుంటే గురువారం తెల్లారుతుంది.
నాకు నిద్ర పట్టలేదు.
డబ్బు కట్టిన బుధవారం ఎటు పోయినట్టు?
ఎవరి ఖాతాలో ఖర్చు రాయాలి?
పైసా తేడా వస్తే రాత్రంతా కూర్చున్నదాన్ని,
రోజు తేడా వస్తే?

టీచరు కళ్ళజోడు తుడుచుకుంది,
చేతిలో బత్తాయి తిప్పుతూ చెప్పింది.
"పోదే పిచ్చిదానా.
పడమటికి పోతుంటే దారిలో
రాత్రికో గంట అదనంగా ఇస్తూ వస్తారు.
అన్నీ కలిపి గీత దగ్గర ఒక్కసారే తీసుకుంటారు."

అంటే అప్పు.
ఇరవై నాలుగు రాత్రులు గంట చొప్పున ఎక్కువ నిద్రపోయి
ఒక బుధవారంతో తీర్చేయడం.
హామీ సంతకం లేదు. తాకట్టు లేదు.
పెన్సిలు ఆగిపోయింది.
"వడ్డీ?"
"లేదు."

బత్తాయి ఒలిచి సగం నాకిచ్చింది.
పుట్టి బుద్ధెరిగాక గుంటూరులో ఎక్కడా
అలాంటి అప్పు పుట్టలేదు నాకు.

"అయితే పడమటికి పోయే ఓడే చూడు" అన్నాను.