లాభం, రెండు, మూడు

ఏనుమాముల మిర్చి యార్డుల
ఇరవై రెండేండ్ల సంది నాది కాంటా పని.
బస్తాల పావు కిలో తరుగుంటే కంటితోనే చెప్త.
ఓదెలు ఒంట్లకెల్లి పదకొండు కిలోలు జారిపోతె
నాకు కనపడలే.

ఫిబ్రవరిల ఇక్కడ దగ్గని మనిషెవడు?
తేజ రకం బస్తా విప్పితె షెడ్డు షెడ్డంత దగ్గుతది.
రైతు, ఖరీదుదారు,
గిలాసలు పట్టుకొనే చాయ్ పోరడు.
గన్ని దగ్గులల్ల
ఒక్క దగ్గు దాసుకున్నది.

లెక్క ఎప్పుడూ ఓదెలుదే.
ఒకటి అనడు, "లాభం" అంటడు,
"రెండూ... మూడూ..." అని గుంజితె
గేటు కాడ లారీ డ్రైవరు లేసి కూసునేటోడు.
శివరాత్రికి ఆ గొంతు బొంగురువోయింది.
"బీడీలు తగ్గియ్యి బావా" అన్న,
అనుకుంటనే నా కట్టలది ఒకటి ఇచ్చిన.

ఎండలు ముదిరినంక మొకం ఉబ్బింది, మెడ నరాలు తేలినయి.
ఎంజీఎంల ఫోటో తీసిన్రు,
ముక్క తీసి పరీక్షకు పంపిన్రు,
స్మాల్ సెల్ అన్నరు.
చిన్నదంటె చిన్న రోగమనుకొని
కనకవ్వ కొంగుతోని కండ్లు తుడుసుకొని నవ్వింది.

దాని లెక్క మా లెక్క గాదు.
లాభం, రెండు, నాలుగు, ఎనిమిది, పదారు...
చాయ్ తాగి వచ్చేలోపు లారీ నిండుతది.
మందుకు మొదలు మంచిగనే లొంగింది,
ఓదెలు ఒక పూట అడిగి మరీ బువ్వ తిన్నడు.
బతుకమ్మ ముంగట మళ్ల లేసింది, ఈసారి తలల.

"ముందే వస్తె?" అని అడిగిన.
డాక్టరమ్మ కొద్దిసేపు మాట్లాడలే.
"గ్యారంటీ ఇయ్యలేను.
ఒక్క పక్కన ఉన్నప్పుడే దొరికితె
కొట్లాటకు జాగ ఉండేది."
ఆ జాగను ఏ రాయితోని తూచాలె?

కొనేటోడు బస్తా కడుపుల మోచేతి దాంక చెయ్యివెట్టి
తాలు కాయ తీసి చూపిస్తడు.
పైకి ఎర్రగున్నదని ఎవడూ పైసలియ్యడు.
ఆ బస్తాలు మోసిన రొమ్ముల
ఏముందో ఎవడడిగిండు?

నిన్న మొగిలి, యాభై దాటినోడు,
దగ్గి దగ్గి స్తంభం పట్టుకున్నడు.
"ఘాటే అన్నా."
"ఘాటు గేటు కాడ ఆగుతదిరా,
నీది ఇంటిదాంక వస్తున్నదా?"
తల దించుకున్నడు.
బస్తా దించి కాంటా ఎక్కుమన్న.
చిట్టీ మీద బరువు రాసి, కింద
సోమవారం పొద్దుగాల, ఛాతీ ఓపీ, నేనూ వస్త, అని రాసిన.
నా జేబుల కట్ట తీసి మోరిల ఏసి
గొంతు సరిచేసుకొని
"లాభం" అన్న.