వెనక సీటు

కనగల్లు దాటినంక మొదలైతది చప్పుడు.
టొక్కు. టొక్కుటొక్కు.
డిక్కీల ఎవడో మునగదీసుకొని పండి
మడిమెతోని తంతున్నట్టు.
ఎనిమిది నెలలు విన్న.
విన్న అంటే,
రేడియో సౌండు పెంచిన.

తొంభై ఎనిమిది మోడల్ ఎస్టీము.
మిర్యాలగూడల మిల్లు గుమాస్త కాడ
డెబ్బై వేలకు కొన్న.
కాయిదాలల్ల తెలుపని రాసుంది,
నేను కూడ అట్లనే చెప్త.

వారంల రెండు దినాలు, మంగళారం, శుక్కురారం,
కొండమల్లేపల్లి నుంచి నల్లగొండ దవాఖానకు
ఈదమ్మక్కను తోలుకపోత.
నాలుగు గంటలు ఆమె నెత్తురు మిషిన్ల తిరిగొచ్చేదాక
నేను చాయ్ బండికాడ పేపరు సదువుత,
మొత్తం, టెండరు నోటీసులు సుత.

ఆమె ఏనాడూ ఏమనలే.
స్పీడుబ్రేకరు కనవడంగనే
తలుపు మీది పిడి పట్టుకొని
సీటు మీంచి బెత్తెడు లేస్తది.
అద్దంల చూసేటోన్ని.
చీర సర్దుకుంటుందనుకున్న.

సత్తార్ భాయ్ డిక్కీ మీద రెండు చేతులేసి
ఒక్కపారి అదిమి ఇడిసిండు.
టొక్కు.
"కబ్ సే?" అన్నడు. చెప్పిన.
నన్ను చూడలే, బండినే చూసిండు,
పసిపిల్లను కొట్టినోని ఇంటికొచ్చినట్టు.

పుత్లీబౌలి నుంచి బస్సు పార్సిల్ల వచ్చినయి మౌంటింగులు,
ఒక్కోటి పదకొండు వందలు, నల్లగా, అరచేయంత.
శుక్కురారం పొద్దుగాల ఆమె మిషిన్ ఎక్కింది,
బండి జాకీ ఎక్కింది.

డిక్కీల చాప లేపితే
ఎప్పటిదో బత్తాయి, ఎండి గోలికాయంత.
దాని పక్కన తుప్పువట్టిన నట్లు.
డీజిల్ పోసి ఊకున్నరు. చాయ్ తాగిన్రు.
పిలగాడు రూప్ల పానా ఏసి వేలాడిండు,
నట్టు ముసలెద్దు లెక్క మొండికేసింది,
మళ్ల డీజిలు, మళ్ల సుత్తె,
కిర్రుమని కదిలింది.

"కింద జాకీ మరువకు బేటా,
స్ప్రింగు పదేండ్లకెల్లి కోపం మింగి కూసుంది."

ఊడదీస్తే రబ్బరేది?
మాడిన జొన్నరొట్టె తీరు
ముక్కలు ముక్కలు రాలింది రూప్ల దోసిట్ల.
ఇనుము ఇనుమును కొట్టుకున్న కాడ
వెండిలాగ మెరుస్తుంది.

"షాకప్పు మంచిగనే ఉంది" అన్నడు సత్తార్ భాయ్
దాన్ని ఒత్తి, ఇడిసి, మళ్ల ఒత్తి.
"దెబ్బ ఆపేది ఖరాబ్ కాలే.
దాన్ని పట్టుకున్నదే పోయింది."

కొత్తది కూసోవెట్టిండు. ఆఖరి బోల్టు మాత్రం బిగించలే.
జాకీ దించిండు.
"గాల్ల బిగిస్తే రబ్బరు మెలివడ్తది, ఏడాది రాదు.
బరువు మీదనే బిగించాలె.
జర ఎనక సీట్ల కూసో."

నా బండి ఎనక సీట్ల నేను
అదే మొదలు కూసునుడు.

ఆడికెల్లి రోడ్డు కనవడదు.
నా సీటు ఈపే కనవడ్తది,
చినిగిన కాడ నేనెన్నడు చూడని చినుగు.
తలుపు మీది పిడి
ఒక్క దిక్కే నున్నగయింది, నాలుగు వేళ్లంత మేర.
ఎడమ చేతి మీద బరువు పడొద్దన్నరంట డాక్టర్లు,
అంతా కుడి చెయ్యే మోసింది.
నేను సుత పట్టి చూసిన.
నా వేళ్లు ఆడ పట్టలే.

కింద పానా తిరుగుతుంది, కటక్, కటక్.
"కదలకు" అంటున్నడు సత్తార్ భాయ్.
నేను కదుల్తలేను.

మూడింటికి వచ్చిందామె, చేతికి పట్టీతోని.
కనగల్లు దగ్గర మొదటి బ్రేకరు. లేసింది.
రెండోది. లేసింది.
బండి మెత్తగ దిగింది రెండుపార్లు సుత,
ఆమెకు ఇంక నమ్మకం రాలే.
గుర్రంపోడు కాడ గుంతలు మొదలైనయి,
అద్దంల చూస్తున్న,
పిడి మీద చెయ్యి లేదు.

శానాసేపు ఎవ్వరం మాట్లాడలే.
పత్తి చేన్లు పోతున్నయి రెండు దిక్కులా.

"రేడియో ఖరాబైందా కొడుకా?" అనడిగింది.