రెండు తాళంచెవులు

ములుగు రోడ్డు మీద, మిర్చి లారీలు మలిగేకాడ
నా వెల్డింగు షాపు.
గేట్లు, కిటికీ గ్రిల్లులు, కూలర్ స్టాండ్లు,
జాతర ముంగట ట్రాలీలకు కడ్డీలు.
తుపాకికి ఇల్లు కట్టుమని
ఇన్నేండ్లల్ల ఎవ్వలూ అడగలే,
ఓదెలు వచ్చేదాక.

బ్యాంకు గడప ముంగట స్టూలు మీద
పందొమ్మిదేండ్లు కూసున్న మనిషి.
అంతకుముందు మిల్ట్రీ.
ఎలచ్చన్లు వస్తే ఠాణాల జమ చేసి
రసీదు అంగీజేబుల పెట్టుకుంటడు,
అయిపోంగనే మళ్ల తెచ్చుకుంటడు.
ఒక్కపారి గూడ పేల్చని డబల్ బారెల్.
దాని బరువుకు కుడి భుజం
ఇంత కిందికి ఒంగింది.

నాలుగు మడతల కాయితం తీసిండు.
"సదువు తమ్మీ, అద్దాలు ఇంట్ల మర్సిన."
సదివిన.
తాళం పడే ఇనుప పెట్టె.
గోడకో నేలకో బిగించి ఉండవలెను.
ఆయుధమును ఖాళీ చేసి భద్రపరచవలెను.
తూటాలకు వేరు అర, వేరు తాళము.

సర్కారు భాష ఎప్పుడూ సల్లగుంటది,
దవాఖాన బల్ల లెక్క.
ఖాళీ చేసి, అన్న మాటకాడ
నా నోరు ఎండింది.
ఓదెలు ఇంకా ఏముందన్నట్టు చూసిండు.

మా ఊర్ల పటేలు ఇంట్ల
పెట్టె లేదు, ఫారం లేదు.
చిలుక్కొయ్యకు తుపాకి,
దాని పక్కకు గొడుగు, గొడుగు పక్కకు కందిలి.
దసరాకు మా నాయినను పిలిచేటోళ్లు.
గొట్టం తుడిసి, నూనె రాసి,
పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండేసి
మళ్ల కొయ్యకే తగిలిచ్చేటోడు.
కమ్మరోనికి అన్నీ ఇనుమే.
లోపల ఏమన్న ఉన్నదా అని
పటేలును అడిగే ధైర్యం ఆయనకు లేదు,
చెప్పే తీరిక పటేలుకు లేదు.

మా తమ్ముడు మొగిలి, తొమ్మిదేండ్లోడు,
పీట మీదికెక్కిండు.
ఒక్క బంతిపువ్వు కోసం.

కేసు కాలే. పంచాయితి అయింది.
బాయికాడ పది గుంటలు రాసిచ్చిండ్రు.
మా అవ్వ ఆ మడిల ఒక్కనాడు నాటెయ్యలే.
ఇంట్ల కొయ్యలన్నీ గడ్డపారతోని పెకిలిచ్చి
పొయ్యిల పెట్టింది.
మా అంగీలు ఇప్పటికీ కుర్సీ మీదనే.

ఓదెలుకు ఇవేం చెప్పలే.
పన్నెండు గేజి రేకు సాలన్నడు,
పది గేజి పెట్టిన.
మడతబందులు లోపటికి పెట్టిన,
బయటికెల్లి కోసుటానికి రాకుంట.
వేరే పనులకు సుక్క సుక్క అతుకేస్త,
దీనికి అంచు పొడూత ఒకటే గీత.
కండ్లు రెండు రాత్రులు మండినయి.
కూలి? రేకు పైసలియ్యమన్న.

గోడకు నాలుగు బోల్టులు బిగిస్తుంటే
ఓదెలు మెల్లగ అన్నడు:
"పెట్టె గురించి రాసిండ్రు గని
తాళంచెవి ఏడ దాసుడో రాయలే.
బియ్యం డబ్బా, దేవుని పటం ఎన్క,
మా మనుమరాలికి ఎరుకలేని జాగ లేదు."
"మొలతాడుకు కట్టుకో" అన్న.
నవ్విండు.
అక్కడనే, గోడ దిక్కు తిరిగి కట్టుకున్నడు,
రెండు చెవులు, రెండు ముళ్లు.

మర్నాడు కానిస్టేబుల్ సర్వర్ వచ్చిండట.
పిడికిలితో కొట్టి, గుంజి, ఫోన్ల ఫోటో తీసి
"సంతృప్తికరం" అని రాసిండట.

నేను చేసిన ప్రతి బీరువాకు
ఒక జత తాళంచెవులు నా షాపుల తీగెకు గుచ్చి ఉంటది.
పోగొట్టుకుని ఉరికొస్తరు గదా మనుషులు.
దీని జతను వైసుల బిగించి కోసిన.
ఎవ్వలూ కొయ్యమనలే.

రాత్రి ఇంటికి పోతే
అవ్వ తునికాకు కత్తిరిస్తున్నది.
"ఏం జేసినవ్ రా ఇయ్యాల?"
"ఒక పెట్టె."
కత్తెర ఆగింది.
బీరువా కాదని ఎట్ల ఎరుకైందో,
"తాళాలెన్ని?" అన్నది.
"రెండు."
"ఊఁ" అన్నది.
కత్తెర మళ్ల నడిచింది.