ఐదో ఈక

పలాసలో నవంబరు గురువారం.
జీడిపిక్కల బట్టీలో కాటా పుస్తకం నాది.
ఎవరు ఎన్ని కిలోలు కొట్టారో రాయడం,
కాగితాలు ఎగరకుండా అరకిలో గుండు పెట్టడం,
అంతే ఉద్యోగం.

పోయినేడు ఇదే గురువారం నేను
చైనాలో, జిన్‌హువాలో, ఒక పసిపిల్లల బడి రెండో అంతస్తులో ఉన్నాను.
గేటుకు కట్టిన బ్యానరు మీద నా ఫోటో,
కింద వాళ్ల అక్షరాల్లో విదేశీ టీచరు అని.
ఏ విదేశమో రాయలేదు.
ఎవరైనా అడిగితే నవ్వెయ్యమన్నాడు ప్రిన్సిపాలు.
నవ్వాను.
పదకొండు నెలలు.

ఆ వారం పాఠం అమెరికావాళ్ల థాంక్స్‌గివింగ్.
కాశీబుగ్గలో పుట్టినదాన్ని, నాకేం తెలుసు?
ముందురోజు రాత్రి దుప్పట్లో బోర్లా పడుకుని
ఫోనులో బట్టీ పట్టాను:
ఓడ. చలి. ఆకలి. ఎవరో ఇచ్చిన మొక్కజొన్న గింజలు.
ఆ రోజు కోసుకుతినే పెద్ద సీమకోడిని
పిల్లలూ చూడలేదు, నేనూ చూడలేదు.
ఇరవై ఆరుమందికీ నాకూ
అదొక్కటే సిసలైన చుట్టరికం.

కాగితం మీద అరచెయ్యి ఆనించి
చుట్టూ పెన్సిలు తిప్పితే కోడి అయిపోతుంది.
బొటనవేలు తల. తక్కిన నాలుగూ ఈకలు.
ఒక్కో ఈక మీద
ఎవరికి థాంక్స్ చెప్పాలో రాయమన్నాను.
అమ్మ, నాన్న, టీచరు, దేశం.
అందరి కోళ్లకీ అవే ఈకలు.

యాన్‌టింగ్ అనే పిల్ల
చిటికెనవేలు పక్కన ఇంకోటి గీసింది.
దాని మీద, బడి వంటింట్లో అన్నం వండే ఆవిడ పేరు.
నాలుగే ఉంటాయమ్మా అన్నాను.
రబ్బరు కూడా నేనే ఇచ్చాను.
ఆ పిల్ల ఏమీ అనలేదు, చెరిపింది,
కాగితం అక్కడ పల్చబడి
అవతలి వెలుతురు కనిపించేదాకా చెరిపింది.

ఇవాళ టీ వేళకి ఇదంతా చెబుతుంటే
కటింగు మిసను మీంచి కాలు తియ్యకుండానే
అడిగింది దాలమ్మ:
"అయితే ఆ గింజలిచ్చినోల్లు ఏటయిపోనారు?"
పాఠంలో లేదన్నాను.
"ఉండదులే," అంది.

సింహాచలమ్మకి ఇంకో అనుమానం.
"తాంక్స్ అనీసి ఊరుకుంటారా? ఇంకేటీ ఇవ్వరా?"
ఊరుకుంటారన్నాను.
బట్టీ అంతా ఒకటే నవ్వు.

దాలమ్మ చెయ్యి తుడుచుకుని చాపింది.
"నాకూ గియ్యే, సూద్దుం, నీ కోడిని."
జీడి నూనె తాగి తాగి నల్లబడ్డ చెయ్యి.
మొన్న రేషన్ డిపోలో
తొమ్మిదిసార్లు వేలు పెట్టింది మిషను మీద,
ఆముదం రాసి, బూడిద రాసి, చీరకి రుద్ది.
గీతలు మిగిలితే కదా.
డీలరు మిషను వంకే చూస్తూ చెప్పాడట,
నువ్వు నువ్వు కాదంటోంది, రేపు రా, అని.

కాటా పుస్తకం ఆఖరి పేజీలో పెట్టించాను.
పెన్సిలు ఒక్కో కణుపు దగ్గరా ఆగింది.
వంగిపోయిన బొటనవేలికి
తల వాల్చిన కోడి వచ్చింది.
"నిద్దరోతన్నాదే," అంది మురిసిపోతూ.

ఈకల మీద ఎవరి పేర్లు రాయను?
చాలాసేపు ఆలోచించింది.
"డీలరుది మాత్తరం రాయకు."
తర్వాత టీ గ్లాసు బోర్లించి
మిసను దగ్గరికి పోయింది.

చిటికెనవేలు పక్కన
నేనే ఇంకోటి గీశాను.
దాని మీదా ఏమీ రాయలేదు.

రేపు షావుకారు లెక్క చూడ్డానికి పేజీలు తిప్పుతాడు.
దాలమ్మ, పద్నాలుగు కిలోల ఆరువందలు.
ఇంకా తిప్పితే, ఇదేమిటంటాడు.
నవ్వే అలవాటు ఉంది నాకు.
ఈసారి నవ్వకుండా చెప్పాలి.