గోడకు ఇవతల

మా ఊరి సముద్రతీరంలో ఒక గోడ ఉంది.
ఆడవాళ్ళు ఇవతల, మగవాళ్ళు అవతల.
ఎందుకు కట్టారో నా పెళ్ళినాటికే
అడిగేవాళ్ళు లేరు, చెప్పేవాళ్ళూ లేరు.
త్రియెస్తేలో అంతే.
బోరా గాలిని తిట్టుకున్నట్టు నాలుగు రోజులు తిట్టుకుంటాం,
ఆపైన ఎవరైనా తీసేస్తామంటే మీదపడి కొడతాం.

ఏడింటికి గేట్లు తీస్తారు.
ఎజీదియో ఎడమకి, నేను కుడికి.
యాభై మూడేళ్ళ కాపురంలో
మేం గొడవ లేకుండా విడిపోయే చోటు ఇదొక్కటే.

కొత్త డాక్టరు చిన్నపిల్ల.
ఏం తింటారు, ఎంత నడుస్తారు, నిద్ర పడుతుందా అని
ఒక్కో గడిలో టిక్కు పెట్టుకుంటూ పోయింది.
డెబ్బై ఎనిమిదికి బానే ఉన్నారే అంది,
ఎవరి సొమ్మో నా దగ్గర దొరికినట్టు.
గోడకి ఆ కాగితంలో గడి లేదు.
అడగనిదానికి జవాబెందుకని ఊరుకున్నాను.

గులకరాళ్ళ మీద నడక నాకిప్పుడు చేతకాదు.
ముసలి బాతులా చేతులు చాచి
అడుగుకో పునీతుణ్ణి తలుచుకుంటూ,
పునీతులు అయిపోతే మా మేనత్తల్ని తలుచుకుంటూ దిగుతాను.
నడుం లోతుకొచ్చాక
ఒంటి బరువంతా నీళ్ళు పుచ్చుకుంటాయి,
బజారు నుంచొస్తుంటే పక్కింటి కుర్రాడు
చేతిసంచీ అందుకున్నట్టు.

ఓందీనాకి తొంభై ఒకటి.
చూపు మసకబారి రెండేళ్ళు.
తాడు పట్టుకుని దిగుతుంది.
"సముద్రం నాకు కనబడక్కర్లేదు,
నేను సముద్రానికి కనబడితే చాలు" అంటుంది.
ఆ మాటకి మేమింకా చల్లబడకముందే
ఒడ్డుకొచ్చి, ఉడికించిన గుడ్డు ఒలుచుకుంటూ
ఉప్పు ఎవరు దాచారని పావుగంట తిడుతుంది.
ఉప్పు ఎప్పుడూ ఆమె చెప్పులోనే ఉంటుంది.
ఆ తిట్లు పడని రోజు
నాకు మధ్యాహ్నం తిండి సయించదు.

పోయిన చలికాలం మాలో ఒకరు తగ్గారు.
తలుపు పక్క మూడో కొక్కేనికి
ఎవరం తువ్వాలు తగిలించం.
అనుకుని చేసింది కాదు.

గోడ చివరికి ఈత
అరవైల్లో ఇరవై రెండు బారలు.
నిరుడు ముప్పై ఎనిమిది.
ఇప్పుడు నలభై నాలుగు.
నేను తరిగిపోతున్నానని ఒక లెక్క,
సముద్రం పెరుగుతోందని ఇంకో లెక్క.
బళ్ళో కూడా నాకు లెక్కలు నా ఇష్టప్రకారమే వచ్చేవి.

ఆ చివర, గోడ నీళ్ళలో ఆగిపోయే చోటుకి
అటునుంచి ఎజీదియో ఈదుకుంటూ వచ్చేవాడు.
నీళ్ళలోనే టోపీ తీసేవాడు.
"తరచూ వస్తుంటారా, మేడమ్?"
"మా ఆయన చూస్తే బాగోదు."
ఏళ్ళ తరబడి అదే ప్రశ్న, అదే జవాబు.
ఇంటికెళ్ళాక అదే మనిషి,
కాఫీగిన్నె కడిగే వంతు ఎవరిదని అదే కొట్లాట.

ఏప్రిల్లో తుంటి ఎముక మార్చారు.
ఈ ఏడాదికి ఈత లేదన్నారు.
అయినా ఎడమ గేటు మానలేదు,
ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో పేకముక్కలు.

మొదటిరోజు అలవాటుగా చివరిదాకా వెళ్ళాను.
ఎవరూ లేని నీళ్ళు.
ఊపిరి తప్పి కాసిని మింగాను కూడా.
అప్పుడు అవతలి ఒడ్డు నుంచి ఒక నవ్వు,
పేకలో దొంగాట ఆడి దొరికిపోయినప్పుడు మాత్రమే
అతను నవ్వే నవ్వు.

పిలవలేదు.
వెనక్కి నలభై నాలుగు.
కాదు, నలభై ఆరు.
మధ్యలో కాసేపు వెల్లకిలా తేలాను,
ఆకాశంలో చూడ్డానికేం లేకపోయినా.

ఒడ్డున జుట్టు ఆరబెట్టుకుంటుంటే
గోడ మీంచి ఒక ఆప్రికాట్ ఎగిరొచ్చి
ఓందీనా పాదం మీద పడి చిట్లింది.
"ఎవడ్రా అది?"
తొంభై ఒక్కేళ్ళ గొంతు గోడెక్కి అటు దూకింది.
అవతల పేకలు కూడా గప్‌చిప్.

పండు తీసి, ఇసుక తుడిచి
సగం ఆమెకిచ్చాను, సగం నేను తిన్నాను.
పులుపు.
రేపు మగ్గినవి చూసి విసరమని
ఇంటికెళ్ళాక చెప్పాలి.