మోకు

నలభై ఏళ్ళు అంబాజీపేటలో
కొబ్బరి మోకులు తూకానికి అమ్మాను.
చుట్ట చేత్తో ఎత్తి ఎన్ని కిలోలో చెప్పేస్తాను.
ఎంత లాగితే ఆగుతుందో మాత్రం
ఎవరూ అడగలేదు, నేనూ అనుకోలేదు.

అందుకే కాబోలు
తాళ్ళరేవులో రెండు కొయ్యల ఓడ ఎక్కుతూ
అందరూ తెరచాప కేసి తలెత్తితే
నా కళ్ళు దాన్ని కట్టిన తాడు మీద పడ్డాయి.
నైలాను. నీలం రంగు.
అప్పుడే చిన్నబుచ్చుకున్నాను కొంచెం.

ఏడు రోజులు, పదకొండు మందిమి.
సామర్లకోట రైలు గార్డు గఫారు గారు
రిటైరై ఆరేళ్ళయినా గడియారం చూసి గాని కూర్చోడు.
తణుకు పళ్ళడాక్టరు మొదటి పూటే వాంతి చేసుకుని
ఇక దేనికీ సిగ్గుపడ్డం మానేశాడు.
పెనుగొండ అక్కచెల్లెళ్ళు, కనకవల్లీ హైమవతీ,
పదేళ్ళుగా మాటల్లేవట,
ఒకే గదికి డబ్బు కట్టారు. ఎందుకో చెప్పలేదు.
సరంగు సంగాడి కాశీ
"ఓడకి నేను సరంగునండి, నాకు గాలి సరంగు" అన్నాడు,
పులుసన్నం కలుపుకుంటూ,
అదేదో గొప్ప మాట కానట్టు.

రెండు రోజులు మడ అడవి పక్కనే.
వేళ్ళు ఊపిరి కోసం బురదలోంచి తలెత్తిన చోట
నీటికుక్కలు జారుతూ ఆడుకున్నాయి.
రాత్రిళ్ళు ఓడ తనలో తను గొణిగేది,
చెక్క చెక్కతో, మేకు మేకుతో,
పాత కాపురంలా.

మూడోనాడు భైరవపాలెం మొగ దగ్గర
గాలి పడిపోయింది.
పాటు తీసేసింది.
ఇసుక మేట మీద ఓడ
బరువైన మనిషి అరుగు మీద చతికిలబడ్డట్టు
కూర్చుంది.

"బరువు దించాలండి" అన్నాడు కాశీ.
బరువంటే మేమే.
మోకాటి లోతున దిగి నిలబడ్డాం
గోదారి ఎక్కడ అయిపోయిందో తెలీని చోట.
ఒక కాలికి ఉప్పు, ఒక కాలికి తీపి తగిలిందని
గార్డు గారు ఒట్టేశాడు.
డాక్టరు వంగి రెండు వైపులా నాలిక ఆనించి చూశాడు.
రెండూ ఉప్పేనట.

చీకటి పడ్డాక పోటు మొదలైంది.
కళాసీ కుర్రాడు చిన్న నావలో లంగరు పట్టుకెళ్ళి
లోతులో వేసొచ్చాడు.
దాన్ని పట్టి లాగాలి, ఓడ జరగాలి.
లాగాం.
నీలం తాడు ఠప్పున తెగి
డాక్టరు చెవి పక్కనుంచి పోయింది.

అడుగు అరలోంచి కాశీ ఇంకో చుట్ట తెచ్చాడు.
పాత కొబ్బరి మోకు.
ముక్కు దగ్గర పెట్టుకున్నాను, పీచు పాసిపోలేదు.
"ముందు నానబెట్టండి, ఎండుది తెగుద్ది."
నా గొంతే, కొట్లో గొంతు.
"ఆగుద్దా అమ్మా?" అన్నాడు.

నలభై ఏళ్ళ తర్వాత అడిగాడు ఒకడు.
"తెలీదు నాయనా" అన్నాను.

కుర్రాడు మళ్ళీ వెళ్ళి కట్టొచ్చాడు.
పట్టుకున్నాం, ఒకరి వెనక ఒకరు, చీకట్లో.
నా ముందు కనకవల్లి, ఆవిడ ముందు హైమవతి.
మోకు నీళ్ళు కారుతూ బిగిసింది,
ఎప్పుడూ వినని మూలుగు మూలిగింది,
అరచేతుల్లో నిప్పు.
"వదలకే" అంది అక్క.
"వదల్లేదే" అంది చెల్లెలు.
కింద ఇసుక బరబరా రాసుకుంది,
ఆపైన ఏ చప్పుడూ లేదు.
ఓడ తేలింది.

ఆ ఇద్దరికీ తెల్లారి మళ్ళీ మాటల్లేవు.

మిగతా నాలుగు రోజులూ గాలి బాగానే ఉంది.
ఓడలరేవు దాకా పోయొచ్చాం.
తెరచాప నిండేటప్పుడు
తడి దుప్పటి దులిపినట్టు ఒక్క చప్పుడు,
దానికి రోజూ ఉలిక్కిపడ్డాను, రోజూ కావాలనిపించింది.
అంతకన్నా చెప్పడానికేం లేదు.

సోమవారం కొట్టు తెరిచాను.
బొబ్బలకి కొబ్బరినూనె రాసుకుంటుంటే
ఒకతను వచ్చి రెండు కిలోల తాడిమ్మన్నాడు.
"దేనికి?" అన్నాను.
నా నోట ఆ మాట కొత్త. అతనూ తెల్లబోయాడు.
"మేక్కండి."

తూకం వేసి, కోసి,
ఇంకో బార వదిలాను.